తోలుతిత్తి

మా ఇంట్లో ఫోటోలు లేవు. ఉండి పోయినవి కాదు, అసలు ఎవరూ తియ్యనివి. మా తాత ముఖం ఎట్లుండేదో నాకు తెల్వదు. మా నాయినమ్మ ముఖం రేషన్ కార్డు మీద గోరంత ఉండేది. మడతలకు, చెమటకు అదీ చెరిగిపోయింది. మాకు చరిత్ర లేదనే వాళ్ల ఇండ్లల్ల మాత్రం నాలుగు తరాల ముఖాలు అద్దాలు కట్టి గోడల మీద వేలాడుతుంటయి. చరిత్ర అంటే ఏమిటో నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, ఆ గోడల్ని చూసినప్పుడే.

నేను మాదిగ ఇంట పుట్టిన. మాది నల్గొండ జిల్లా. మా వంశంలో మొదటి డిగ్రీ నాది, మొదటి బి.ఇడి. నాది. 2012 డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ టీచర్‌గా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రాస్తున్నది ఒక కెమెరా గురించి. ఆత్మకథల పుస్తకంలో కెమెరా సంగతి ఎందుకని ఎవరికైనా అనిపించొచ్చు. ఇది సోకు కథ కాదు. ముఖాల కథ.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గదా, నాకు పక్క ఊర్ల డ్యూటీ పడ్డది. అందులో ఒక పాత దొర ఇల్లు ఉంది. వాళ్లు కాయితాలు వెతుకుతుంటే నేను గోడ మీది పెండ్లి ఫోటో చూస్తూ నిలబడ్డ. చేతెడు వెడల్పు నలుపు తెలుపు ఫోటో. నగల మీది చెక్కుడు పని, చీర అంచు మీది పువ్వులు లెక్కపెట్టొచ్చు. ఎడమ పక్క అంచుల ఒక డప్పు ఉంది. డప్పు పట్టిన చెయ్యి ఉంది. ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉంది. మనిషి లేడు. మోచేతి కాడ ఫోటో అయిపోయింది.

ఇంటికొచ్చి నాయినకు చెప్పిన. నాయిన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నడు: “ఆ పెండ్లికి కొట్టింది మీ తాతనే. చిటికెన వేలు రంపె కోసింది, నేను పుట్టకముందే.”

అంత వివరంగా తీసిన ఫోటోలో మా తాత తెగిన వేలు పడ్డది గాని ముఖం పడలేదు. కెమెరాకు చూపు తక్కువై కాదు. కెమెరా వెనకాల నిలబడ్డాయనకు ఆ ముఖంతో పని లేదు.

మరి పేపర్లల్ల మా ముఖాలు పడలేదా? పడ్డయి. 1985 జూలై 17 తర్వాత కారంచేడు శవాలు పడ్డయి. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరు శవాలు పడ్డయి. ఆ ఫోటోలు తీసిన వాళ్లను నేను తప్పు పట్టను. అవి లేకపోతే ఆ హత్యలే జరగలేదని వాదించేటోళ్లు. కాని ఒక మాట. బతికి ఉండగా మా వాళ్ల ముఖం అచ్చు కావడానికి ఏ పేపరుకూ కారణం దొరకలేదు. 2016 జనవరి 17న వేముల రోహిత్ పోయినంక ఆయన నవ్వు దేశమంతా చూసింది. అంతకు ముందు రోజు దాకా ఆ నవ్వు ఎవరికి కావాలె?

ఆ రోజుల్లోనే యూనివర్సిటీలో చదువుకునే మా తమ్ముడు ఒక పుస్తకం తెచ్చి ఇచ్చిండు. అమెరికా నల్లజాతి ఫోటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ గురించి. దళిత పాంథర్స్ 1972లో బొంబాయిలో పుట్టినప్పుడు ఆ పేరు బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నరని మనందరికీ తెలుసు. కవిత్వం తీసుకున్నం, నినాదం తీసుకున్నం. వాళ్ల కెమెరాను మాత్రం మనం పట్టించుకోలేదు. పార్క్స్ మొదటి కెమెరాను తాకట్టు దుకాణంలో ఏడున్నర డాలర్లకు కొన్నడు. 1942లో వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే ఆమెను అమెరికా జెండా ముందు నిలబెట్టి, చేతిల చీపురు, పక్కన తడిగుడ్డ కర్ర పెట్టి ఫోటో తీసిండు. ఇప్పుడు ఆ దేశం పేరు చెప్తే గుర్తొచ్చే ఫోటోల్లో అదొకటి.

ఆ రోజుల్లో ఆయన పనిచేసింది స్పీడ్ గ్రాఫిక్ అనే కెమెరాతో. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పట్నంలో తయారయ్యేది. 1912లో మొదలై 1973 దాకా ఆ రకం కెమెరాలు చేసిండ్రు. చెక్క పెట్టె, పైన తోలు, ముందుకు జరిగే తోలుతిత్తి, దాని కొసకు అద్దం. నాలుగు ఇంచుల వెడల్పు, ఐదు ఇంచుల పొడుగు ఫిల్మ్ ముక్క ఒకటొకటే పెట్టాలె. ఒకప్పుడు పేపర్ ఫోటోగ్రాఫర్ అంటే ఈ కెమెరానే. 1945లో ఇవో జిమా దీవి మీద సైనికులు జెండా నిలబెట్టే ఫోటో జో రోసెంతాల్ దీంతోనే తీసిండు. మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారవాలా చీరె కట్టుకొని ఢిల్లీలో మోసింది కూడా స్పీడ్ గ్రాఫికే.

నాకు వీళ్లందరి కన్న పిట్స్‌బర్గ్ పట్నపు చార్లెస్ టీనీ హారిస్ దగ్గరి మనిషి అనిపించిండు. నల్లవాళ్లు నడిపిన ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ పేపర్‌కు ఆయన ఫోటోగ్రాఫర్. పెండ్లిళ్లు, పిల్లల ఆటలు, క్షౌరశాల, బడి, చర్చి, ఊరేగింపు, అన్నీ తీసిండు. ఒక్కసారే నొక్కేటోడు గనక ‘వన్ షాట్’ అని పేరొచ్చింది. సుమారు 80 వేల నెగెటివ్‌లు మిగిలినయి. ఇప్పుడవి అక్కడి కార్నెగీ మ్యూజియంలో ఉన్నయి. ఒక వాడ మొత్తం బతికున్న ముఖాలతో 80 వేల నెగెటివ్‌లు! మా వాడకు ఎనిమిది లేవు.

అప్పుడే అనుకున్న, ఆ కెమెరానే కొనాలని. ఫోన్‌తో తియ్యొచ్చు గదా అన్నరు అందరు. ఫోన్‌లో తీసినవి ఫోన్‌తోనే పోతయి. మా అన్న పెండ్లి ఫోటోలు మెమరీ కార్డుతో పాటు పోయినయి. నెగెటివ్ అట్ల కాదు. చీకటి పెట్టెలో నూరేండ్లు ఉంటది. ఎండ మీద పెట్టి చూస్తే ముఖం కనపడ్తది, చూడడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

2017లో జిల్లా కేంద్రంలో మూతపడ్డ ఒక స్టూడియోలో ఉందని తెలిసింది. పోయిన. ఆ ఇంటాయన కుర్చీ వేసి, చాయ్ చెప్తనని, ఏ ఊరు, ఏం ఉద్యోగం అని అన్నీ అడిగి ఆఖరికి అసలు ప్రశ్న అడిగిండు: “ఇంతకీ మీరేమోల్లమ్మా?”

“మాదిగోల్లం” అన్న.

చాయ్ మాట మర్చిపోయిండు. ధర మాత్రం మర్చిపోలేదు. 22 వేలు. అప్పటి నా జీతంలో సగం. “మీకెందుకమ్మా ఇంత కెమెరా” అన్నడు నోట్లు లెక్కపెడుతూ. జవాబు చెప్పలేదు. సంచిల పెట్టుకొని బస్సెక్కిన.

రెండున్నర కిలోల పైన బరువు. పేసెమేకర్ రకం, 1947 తర్వాత వచ్చింది. ముందరి అద్దం కొడాక్ ఎక్టార్, 127 మిల్లీమీటర్లు. కొడాక్ వాళ్లు అద్దం నంబరు ముందు రెండు అక్షరాలు కొట్టేటోళ్లు. కామెరోసిటీ అని ఇంగ్లీషులో పది అక్షరాల మాట ఒకటి చేసుకొని, మొదటి అక్షరం 1, రెండోది 2, అట్ల పదో అక్షరం సున్న అని పెట్టుకున్నరు. నా దాని మీద ఇ, టి అని ఉంది. నాలుగో అక్షరం, తొమ్మిదో అక్షరం. అంటే 1949. అంటరానితనం రద్దని రాసుకున్న రాజ్యాంగం ఆమోదం పొందిన ఏడు. ఆ కెమెరా వయసు, ఆ మాట వయసు ఒకటే. రెండింటికీ రిపేరు అవసరం ఉంది.

షట్టర్ ముందు పని. కెమెరాకు రెండు షట్టర్లు. వెనకాల ఫిల్మ్ ముందు జరిగే నల్లగుడ్డ తెర ఒకటి, సెకనులో వెయ్యో వంతు దాకా పోతది. గుడ్డకు పూసిన రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. దాన్ని పూర్తిగా తెరిచి పెట్టి వదిలేసిన. ఇక మిగిలింది అద్దంలో ఉండే షట్టర్. ఒక సెకను పెడితే నాలుగు సెకన్లు తెరుచుకొని ఉంటున్నది, లోపల పాత నూనె గట్టిపడ్డది. గడియారాలు బాగుచేసే ఒక చాచా దగ్గరికి తీసుకపోయిన. ఆయన కంటికి భూతద్దం పెట్టుకొని, మూత తీసి, “ఇది గడియారమేనమ్మా, టైం చెప్పదు, టైంను కోస్తది” అన్నడు. లైటర్‌లో పోసే పెట్రోలుతో కడిగి రెండు రోజుల్లో చేతిల పెట్టిండు. డబ్బులు అడిగితే, మొదటి ఫోటో నాదే తియ్యి అన్నడు.

అసలు సమస్య తిత్తి. రాత్రి చీకట్ల టార్చిలైటు లోపల పెట్టి చూస్తే మడతల మూలల్లో నక్షత్రాల లెక్క చుక్కలు. డెబ్బై ఏండ్ల తోలు గదా, మడతపడ్డ ప్రతి మూల చిరిగింది. ఆ చుక్కల్లోంచి వెలుగు పోతే ఫిల్మ్ మొత్తం పొగ పట్టినట్టయితది.

నాయిన ఆ రాత్రి పక్కనే కూసున్నడు. తిత్తి మీద చెయ్యేసి, ముక్కు కాడికి తెచ్చుకొని వాసన చూసిండు. “ఇది తోలు బిడ్డా” అన్నడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలె. మా నాయిన తోలు పని మానేసి 30 ఏండ్లు దాటింది. లందలో నానబెట్టుడు, సున్నం, తంగేడు చెక్క, చెప్పులు కుట్టుడు, మోటబొక్కెన కుట్టుడు, అన్నీ వచ్చు. ఒకసారి ఊరి పెద్దమనిషి ఒకడు కొత్త చెప్పులు కరుస్తున్నయని, అవే చెప్పులతో నాయినను కొట్టిండు. ఆ రోజు ఆరె, రంపె గోనెసంచిల కట్టి అటక మీద పడేసిండు. కూలికి పోయి మమ్మల్ని చదివించిండు. “నా పిల్లలు ఆరె పట్టొద్దు” అని ఒట్టు పెట్టుకున్నడు. మేం పట్టలేదు. నా సర్టిఫికెట్లన్నీ ఆ ఒట్టులోంచి వచ్చినయి.

ఆ అటక మీది సంచి ఆ రాత్రి కిందికి దిగింది. నేను అడగలేదు.

మర్నాడు మేక తోలు తెచ్చిండు. రాయి మీద పరిచి రంపెతో లోపలి పక్క చెక్కుడు మొదలుపెట్టిండు. పేపరంత పలచగ చెక్కిండు, వేలు పెడితే అవతల నీడ కనపడేంత. మూల మూలకు అతుకు కోసి, చెప్పులకు పెట్టే సొల్యూషన్ పూసి, మడత చెడకుండ, మూసినప్పుడు మందం కాకుండ లోపలి నుంచి అతికిచ్చిండు. పని చేస్తనే అడిగిండు:

“ఎవలు కోసిండ్రో గని మంచిగ కోసిండ్రు. అమెరికాల గూడ మాదిగోల్లుంటరా?”

“తోలు పని చేసేటోళ్లుంటరు నాయినా. తోలు ముట్టుకున్నందుకు వాళ్లను అంటరానోళ్లు అనరు. అక్కడ తొక్కుడు ఇంకో లెక్కన ఉంటది, ఒంటి తోలు రంగును బట్టి.”

నాయిన రంపె ఆపిండు. “అయితే ఆడ గూడ తోలేనా!” అన్నడు.

ఇన్నేండ్ల నా చదువులో కులానికీ జాతి వివక్షకూ ఉన్న పోలిక మీద ఎన్నో వ్యాసాలు చదివిన. ఈ ఒక్క మాట వాటిల్లో లేదు.

నాలుగు మూలలు అయినంక రంపె నా చేతికిచ్చిండు. మా దాంట్లో ఆడపిల్ల రంపె పట్టేది లేదు. ఐదో అతుకు నేను చెక్కిన. ఆయన పక్కన కూసొని, “ఒత్తకు, జార్చు” అని చెప్పిండు. ఆ రాత్రి మళ్లా టార్చి పెట్టి చూసినం. ఒక్క చుక్క లేదు. చిక్కటి చీకటి. అంత మంచి చీకటి నేనెన్నడూ చూడలేదు.

తోలు పని చేసినందుకు మమ్మల్ని ఊరి బయట పెట్టిండ్రు. కాని ఆ పని లేకపోతే ఊరికి నీళ్లు లేవు, చెప్పుల్లేవు, పెండ్లికి డప్పు లేదు, ఆఖరికి వాళ్ల ఫోటో తీసిన కెమెరాకు తిత్తి లేదు. కేరళలోని అలప్పుళలో 1940లలో మొదలైన వాగీశ్వరి అనే టేకు కెమెరా దేశమంతా స్టూడియోలకు పోయింది. దాన్ని చేసిన కరుణాకరన్ వాయిద్యాలు బాగుచేసే ఇంటి మనిషి. చేతిపని వాళ్లే కెమెరాలు చేసిండ్రు. కెమెరా ముందు నిలబడే హక్కు మాత్రం వేరేవాళ్లకు పోయింది.

ఇక ఫిల్మ్. మంచి ఫిల్మ్ బయటి దేశం నుంచి రావాలె, ఒక్కొక్క ముక్క ధర మా వాడల ఒక రోజు కూలికి దగ్గర. అందుకని ఎక్స్‌రే ఫిల్మ్ వాడుతున్న. ఎనిమిది బై పది ఇంచుల ముక్కను కోస్తే నాలుగు వస్తయి, అంచులు కొంచెం తీసెయ్యాలె. ఎర్రలైటు వెలుగుల కోసుకోవచ్చు, కడుక్కోవచ్చు. రెండు పక్కలా మందు పూత ఉంటది గనక గోరు తగిలినా గీత పడ్తది, ట్రేల ఒక్కొక్కటే కడగాలె. ఇప్పుడు ఎక్స్‌రేలు గూడ డిజిటల్ అయినయి, దొరికినప్పుడే కొని పెట్టుకుంటున్న. డెవలపర్ నేనే కలుపుత. లీటరు నీళ్లల్ల మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. పేరు డి-76. ఈ ఫిల్మ్‌కు నలుపు తెలుపు మరీ కొట్టొచ్చినట్టు వస్తయి, అందుకని ఇంకా నీళ్లు కలిపి పలచగ చేస్త.

ఈ ఫిల్మ్‌కు ఎరుపు కనపడదు. పచ్చ, నీలం కనపడ్తయి. మన ఒంటి రంగులో ఎరుపు పాలు ఎక్కువ గనక మన ముఖాలు ఉన్నదాని కన్న నల్లగ వస్తయి. పాత స్టూడియోల వాళ్లు దీనికి పౌడర్ కొట్టేటోళ్లు, నెగెటివ్ మీద పెన్సిల్‌తో గీకి ముఖం తెల్లగ చేసేటోళ్లు. కలర్ వచ్చినంక గూడ సంగతి మారలేదు. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబ్‌లకు పంపిన షెర్లీ కార్డుల మీద చాలా ఏండ్లు తెల్ల అమ్మాయే ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరి అన్నట్టు. మిగతా వాళ్లు ఎట్ల వచ్చినా లెక్క లేదు.

నేను పౌడర్ కొట్టను. వెలుగు ఎక్కువ ఇస్త. తెల్లచొక్కా చూసి కాదు, ముఖం చూసి లెక్క కట్టుకుంట. వేపచెట్టు నీడల ఎఫ్/8 పెట్టి, సెకనులో 25వ వంతు ఇస్తే నల్లటి చెంప మీద మెరుపు, కంటి కింద ముడత, అన్నీ వస్తయి. స్టాఫ్ రూంల ఒకాయన రిజర్వేషన్ల మీద “అందరికీ ఒకటే రూల్ ఉండాలె గద మేడం” అన్నప్పుడు నాకు ఈ లెక్క గుర్తుకొస్తది. ఫిల్మే ఒక రంగును చూడకుండ తయారైనప్పుడు అందరికీ ఒకటే వెలుగు ఇస్తే కొందరు మాయమైతరు.

బడికి తీసుకపోయిన. పదో తరగతిలో కటకాల పాఠం ఉంది. వెనకాల గీరు అద్దం మీద బొమ్మ తలకిందులుగ పడ్తది. పిల్లలకు నల్లదుప్పటి కప్పి ఒక్కొక్కరిని చూడమన్న. “టీచర్, గడీ తలకిందులైంది!” అని ఒకడు అరిచిండు. క్లాసంతా నవ్వింది. ఎందుకు తలకిందులైతదో కిరణాలు గీసి చెప్పిన. పరీక్షల ఆ ప్రశ్నకు మార్కులు పోగొట్టుకున్నోళ్లు లేరు.

మా బడి ఊడ్చే అవ్వ ఒకామె ఉంది. నా కన్న ముందు నుంచి ఆ బడిలో ఉంది, ఇప్పటిదాకా పర్మనెంట్ లేదు. ఆమెకు ఎల్లా వాట్సన్ ఫోటో చూపించిన. చాలాసేపు చూసి, “పాపం, ఈమెకు గూడ చీపురేనా” అన్నది. మర్నాడు తన ఫోటోకు వచ్చినప్పుడు ఇస్త్రీ చీరె కట్టుకున్నది, మనవరాలి గడియారం పెట్టుకున్నది, చీపురు గోడ వెనకాల పెట్టి వచ్చింది. “కుర్చీ వెయ్యి బిడ్డా” అన్నది. హెడ్మాస్టరు కుర్చీ తెచ్చి వేసిన. ఆమె కూసున్నది. నేను దుప్పటి కింద అద్దం చూసి, షట్టర్ మూసి, ఫిల్మ్ పెట్టి, నల్లరేకు లాగి, కేబుల్ పట్టుకున్న. దాన్ని నొక్కేది బొటనవేలే. ఏకలవ్యుడు ఇచ్చేసిన వేలు. నేను ఇవ్వలేదు, నొక్కిన.

పార్క్స్ ఫోటో గొప్పది. చీపురు చూపించి ఒక దేశాన్ని నిలదీసింది. మా అవ్వ చీపురు దాచి నిలదీసింది. “నా పని నేను కాదు” అని ఆమె చెప్పకుండనే చెప్పింది. మన సాహిత్యం మా గాయాలను బాగానే రాసింది, రాయాలె గూడ. కాని మా వాళ్లు కెమెరా ముందుకు వచ్చినప్పుడు ఎవరూ గాయం పట్టుకొని రాలేదు. గడియారం పెట్టుకొని వచ్చిండ్రు, పుస్తకం పట్టుకొని వచ్చిండ్రు, అంబేడ్కర్ పటం ఒళ్లె పెట్టుకొని కూసున్నరు. ఒక ముసలాయన డప్పు తెచ్చిండు. “మొకం పడాలె, డప్పు పడాలె, రెండూ పడాలె” అని షరతు పెట్టిండు. రెండూ పడ్డయి.

ఇప్పటికి 43 ఫోటోలు అయినయి. నెలకు ఒకటో రెండో. నెగెటివ్‌ను కాయితం మీద బోర్లించి బల్బు వేసి ప్రింటు తీసి వాళ్ల వాళ్ల ఇండ్లకు ఇస్తున్న. చాచా ఫోటో ఆయన దుకాణంల గడియారాల నడుమ ఉంది. నెగెటివ్‌లు నా దగ్గర ఖాళీ ఎక్స్‌రే డబ్బాల ఉన్నయి. ఒక్కొక్కటి ఒక కవర్లో, కవర్ మీద పేరు, తేది. ఊరు పుల్లిగాడు అని పిలిచే మనిషి కవర్ మీద పుల్లయ్య గారు. ఎల్లి అని కేకేసే మనిషి ఎల్లమ్మ గారు. ఆ పేర్లు మా ఏడో తరగతి పిల్లలతో రాయిస్తున్న. ‘గారు’ అని రాయడం వాళ్లకు అలవాటు కావాలని.